మీ తాత చెప్పింది నిజమే: వరంగల్, హన్మకొండ ఎంపీ సీట్ల కథ

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. శాయంపేట మండలంలో ఉండే మీ తాత "1984లో మేం జంగారెడ్డికి ఓటేసి పి.వి. నరసింహారావును ఓడించినం" అని చెబుతాడు, కానీ వరంగల్ ఎంపీల పట్టికలో జంగారెడ్డి పేరే కనబడలేదు, తాత పొరబడ్డాడా అన్నది మొదటిది. వరంగల్ అసలు ఏ పార్టీకి కంచుకోట అన్నది రెండోది.

మీ తాత పొరబడలేదు. నువ్వు చూసిన పట్టికా తప్పు కాదు. మీ తాత ఆ రోజు ఓటేసింది వరంగల్ లోక్‌సభ స్థానంలో కాదు, హన్మకొండ లోక్‌సభ స్థానంలో. ఇప్పుడు ఆ పేరుతో ఎంపీ సీటు లేదు. 1977లో పుట్టి, 2009 ఎన్నికలకు ముందు పోయింది. నువ్వు పుట్టేనాటికి అది రద్దయ్యో, రద్దుకు దగ్గరపడో ఉంటుంది. అందుకే నీకు ఆ పేరు తగల్లేదు.

నేను సర్కారు బడిలో పంతులుగా పనిచేశాను. 1984 నుంచి 2015 దాకా దాదాపు ప్రతి ఎన్నికకూ ఎలక్షన్ డ్యూటీ పడింది. మొదట పోలింగ్ ఆఫీసర్‌గా, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. ఈ రెండు సీట్లలోనూ చాలా ఊళ్ల బడుల్లో రాత్రుళ్లు పడుకున్నాను. కాబట్టి ఇది కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు ఒక మాట. ఏ నియోజకవర్గం చరిత్ర చదివినా పేరు చూసి చదవకు, నేల చూసి చదువు. "వరంగల్" అనే పేరు 1952 నుంచి ఇప్పటిదాకా మారలేదు. ఆ పేరు కింద ఉన్న ఊళ్లు మాత్రం మారిపోయాయి. 1971లో వరంగల్ ఓటరు, 1999లో వరంగల్ ఓటరు, 2024లో వరంగల్ ఓటరు ఒకే ఊళ్ల మనుషులు కారు. ఇది పట్టించుకోకుండా పట్టిక మాత్రమే చూస్తే, మీ తాత అబద్ధం చెప్పినట్టే అనిపిస్తుంది.

మొదలు నుంచి వస్తాను. 1952లో తొలి ఎన్నిక. అప్పటికి మనది హైదరాబాద్ రాష్ట్రం. తెలంగాణ సాయుధ పోరాటం విరమించి కొన్ని నెలలే అయింది. కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అంటే పి.డి.ఎఫ్. పేరుతో నిలబడ్డారు. వరంగల్ లోక్‌సభకు పెండ్యాల రాఘవరావు గెలిచారు. ఆయన చేతిలో ఓడినవాళ్లలో మన కాళోజీ నారాయణరావు కూడా ఉన్నారు. రాఘవరావు అదే ఎన్నికలో హన్మకొండ, వర్ధన్నపేట అసెంబ్లీ స్థానాల్లోనూ గెలిచి, వాటిని వదులుకుని పార్లమెంటుకు వెళ్లారు. ఆ ఎన్నికలో ఓటు వేసే పద్ధతే వేరు. కాగితం మీద ముద్ర కొట్టడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద ఆయన గుర్తు. నీ చీటీ నువ్వు మెచ్చిన గుర్తున్న డబ్బాలో వేసి రావడమే. మా బాపు ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా డబ్బా నోరు ఎంత ఉండేదో చేత్తో చూపించేవాడు.

తర్వాత మూడు ఎన్నికలు కాంగ్రెస్‌వి. 1957లో సాదత్ అలీఖాన్, 1962లో బాకర్ అలీ మీర్జా, 1967లో రామసహాయం సురేందర్‌రెడ్డి. ఈ కాలం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దేశమంతా నడిచిన దారిలోనే ఇదీ నడిచింది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: అప్పట్లో మహబూబాబాద్ పేరుతో వేరే లోక్‌సభ స్థానం ఉండేది. తర్వాత అది మాయమైంది. మళ్లీ 2009లో వచ్చింది. దాని సంగతి కింద వస్తుంది.

1971లో కథ మారింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం గురించి నువ్వు వినే ఉంటావు. ఆ మంట ఇంకా ఆరకముందే మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. దేశమంతా ఇందిరా గాంధీ గాలి. తెలంగాణలో మాత్రం మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజాసమితి 14 సీట్లకు 10 గెలిచింది. వరంగల్‌లో గెలిచింది ప్రజాసమితి అభ్యర్థి ఎస్.బి. గిరి. ఆ సమితి అదే సంవత్సరం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1977లో అదే గిరి అదే వరంగల్ నుంచి కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. 1977 అంటే ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన సంవత్సరం. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 కాంగ్రెస్‌వే. ఆరేళ్ల తేడాతో రెండుసార్లు వరంగల్ దేశానికి ఎదురు నడిచిందన్నమాట. మొదటిసారి ఇందిరకు వ్యతిరేకంగా, రెండోసారి ఆమె వైపు.

ఇక 1977 దగ్గరే నీ ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. ఆ ఎన్నికకు ముందు జరిగిన నియోజకవర్గాల పునర్విభజనలో హన్మకొండ లోక్‌సభ స్థానం కొత్తగా వచ్చింది. శాయంపేట, పరకాల వైపు ఊళ్లు అందులోకి వెళ్లాయి. అది వరంగల్ జిల్లాలోనే ఆగలేదు, కరీంనగర్ జిల్లా వైపు పల్లెలు కూడా అందులో ఉన్నాయి. డోర్నకల్, మహబూబాబాద్ వైపు తండాలు, ఊళ్లు వరంగల్ స్థానంలో ఉన్నాయి. అంటే ఒకే జిల్లాలో ఇద్దరు ఎంపీలు, ఇద్దరి సీట్ల పేర్లూ పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ల పేర్లే. బస్సులో హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్‌కు పోయేంత దూరంలో రెండు పార్లమెంటు సీట్ల పేర్లు. బయటివాళ్లకు ఇప్పటికీ ఇది అర్థం కాదు.

హన్మకొండకు మొదటి ఎంపీ పి.వి. నరసింహారావు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన మనిషి. మంథని ఎమ్మెల్యేగా ఉండి ముఖ్యమంత్రి అయినవాడు. 1977లో గెలిచారు, 1980లో మళ్లీ గెలిచారు. కేంద్రంలో విదేశాంగ మంత్రి, తర్వాత హోంమంత్రి. అలాంటి మనిషిని 1984 డిసెంబరులో ఓడించింది చందుపట్ల జంగారెడ్డి. మెజారిటీ 54,198.

ఈ ఓటమి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది చాలాసార్లు సగమే చెప్పబడుతుంది.

ఇందిరా గాంధీ హత్య జరిగి రెండు నెలలు కూడా కాలేదు. దేశంలో కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు వచ్చాయి. బి.జె.పి.కి దేశం మొత్తం మీద వచ్చినవి రెండే. ఒకటి గుజరాత్‌లో మెహసానా, ఇంకొకటి మన హన్మకొండ. అందుకని ఢిల్లీ నుంచి చూసేవాళ్లు "1984లోనే హన్మకొండలో కమలం వికసించింది" అని రాస్తారు. జంగారెడ్డి గట్టి నాయకుడు, అందులో సందేహం లేదు. బి.జె.పి.కి ముందరి పార్టీ అయిన జనసంఘం రోజుల నుంచి పరకాల, శాయంపేట ప్రాంతంలో ఊరూరా తిరిగిన మనిషి, అక్కడి నుంచే ఎమ్మెల్యేగా గెలిచినవాడు. కానీ ఆ గెలుపు ఒక్క పార్టీ బలం కాదు. ఆ ఆగస్టులో ఎన్.టి.ఆర్. ప్రభుత్వాన్ని కూలదోసి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించారు. నెల తిరిగేసరికి జనం ఒత్తిడికి ఎన్.టి.ఆర్. మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ కోపం డిసెంబరు దాకా చల్లారలేదు. రాష్ట్రంలో తెలుగుదేశం 30 సీట్లు గెలిచింది. హన్మకొండను మాత్రం పొత్తులో బి.జె.పి.కి వదిలింది.

నాకు ఉద్యోగంలో మొదటి ఎలక్షన్ డ్యూటీ అదే. హన్మకొండ స్థానంలోనే ఒక చిన్న ఊళ్లో, రెండు గదుల బడి. వేలికి సిరా పెట్టే పని నాది. పొద్దున చలి. ఆడవాళ్ల లైను బడి గోడ దాటి చింతచెట్టు దాకా ఉంది. ఒక ముసలమ్మ సిరా పెట్టించుకుని, బ్యాలెట్ కాగితం తీసుకుని, అట్టతో కట్టిన మరుగులోకి పోయింది. కాసేపటికి కాగితం పట్టుకుని మళ్లీ బయటికొచ్చింది. "సైకిల్ లేదేంది బిడ్డా? రామారావు సైకిల్ యాడున్నది?" అని అందరి ముందూ అడిగింది. ఆ కాగితం మీద సైకిల్ లేదు. ఆమె కూతురును ఇచ్చింది వరంగల్ సీటులోని ఊరికి. అక్కడి కాగితం మీద సైకిల్ ఉంటుందని కూతురు చెప్పి ఉంటుంది. ఇక్కడ పొత్తు కాబట్టి పువ్వు గుర్తు. నేను చెప్పకూడదు. ప్రిసైడింగ్ ఆఫీసర్ లేచి, "అమ్మా, కాగితం మడువు, బయట పెట్టకు, నీ ఇష్టం ఉన్న గుర్తు మీద ముద్ర కొట్టు" అన్నాడు. ఆమె మళ్లీ లోపలికి పోయి చాలాసేపు ఉంది. చివరికి మడిచి తెచ్చి డబ్బాలో వేసింది. ఎవరికి వేసిందో దేవుడికే తెలుసు. కానీ ఆ ఎన్నిక ఎలాంటిదో నాకు ఆ ఒక్క ప్రశ్నతో తెలిసింది. ఆ రోజు సైకిల్‌ను వెతుకుతూ వచ్చి పువ్వు మీద ముద్ర కొట్టినవాళ్లు తక్కువమంది కారు. మీ తాతను అడిగి చూడు, ఆయన జంగారెడ్డి కోసం పోయాడో, రామారావు కోసం పోయి జంగారెడ్డికి వేశాడో.

మధ్యాహ్నానికి డబ్బా నిండిపోయి కాగితాలు నోటి దగ్గర ఉబ్బాయి. చెక్క స్కేలుతో మెల్లగా లోపలికి నెడుతూ సాయంత్రం దాకా నడిపించాం. లాంతరు వెలుగులో లక్క కరిగించి సీలు వేస్తుంటే ఏజెంట్లు మా భుజాల మీదుగా తొంగి చూశారు. జీతానికి వచ్చిన డ్యూటీయే అయినా, ఆ డబ్బాను లారీ ఎక్కించేదాకా నాకు చేతులు వణికాయి.

పి.వి. ఆ ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడి గెలిచారు కాబట్టి లోక్‌సభలోనే ఉన్నారు. తర్వాత మళ్లీ హన్మకొండలో పోటీ చేయలేదు. ప్రధానమంత్రి అయ్యాక ఉప ఎన్నికలో గెలిచింది నంద్యాల నుంచి. జంగారెడ్డి 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

అదే 1984లో పక్కనే ఉన్న వరంగల్ సీటులో తెలుగుదేశం అభ్యర్థి డాక్టర్ టి. కల్పనాదేవి గెలిచారు. వరంగల్‌కు మొదటి మహిళా ఎంపీ. మళ్లీ ఇంకో మహిళ గెలవడానికి 40 ఏళ్లు పట్టింది, 2024లో కడియం కావ్య. ఆమె కూడా డాక్టరే. ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ పెరిగిన ఊరు మనది, అయినా ఇద్దరు డాక్టరమ్మల మధ్య 40 ఏళ్లు ఖాళీ.

1989 నుంచి రెండు సీట్లకూ వేర్వేరు దారులు. హన్మకొండలో కమాలుద్దీన్ అహ్మద్ 1989, 1991, 1996లో వరుసగా మూడుసార్లు కాంగ్రెస్ నుంచి గెలిచారు. అంతకుముందు 1980లో ఆయన వరంగల్ ఎంపీ. రెండు సీట్లనూ గెలిచిన మనిషి ఆయన. తర్వాత 1998, 1999లో తెలుగుదేశం నుంచి చాడ సురేశ్‌రెడ్డి. వరంగల్‌లో 1989, 1991 సురేందర్‌రెడ్డివి. 1996, 1998లో తెలుగుదేశం నుంచి అజ్మీరా చందూలాల్, 1999లో అదే పార్టీ నుంచి బోడకుంటి వెంకటేశ్వర్లు.

1989లో లోక్‌సభకు, అసెంబ్లీకి ఒకేరోజు పోలింగ్. ఓటరుకు రెండు కాగితాలు ఇచ్చేవాళ్లం. లోక్‌సభది తెలుపు, అసెంబ్లీది గులాబీ రంగు. "తెల్లది ఢిల్లీకి, ఎర్రది పట్నానికి" అని ఊళ్లో వాళ్లే ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. రెండింటి మీదా ఒకే గుర్తుకు ముద్ర కొట్టేసి వచ్చేవాళ్లే ఎక్కువ. 1991, 1996, 1998లో తెల్లకాగితం ఒక్కటే. వేడి తక్కువ. 1999లో మళ్లీ రెండూ. ఎమ్మెల్యే ఎన్నిక తోడైనప్పుడు ఎంపీ ఎన్నిక దాని వెనక నడుస్తుంది. వేరుగా వచ్చినప్పుడు మాత్రం ఎంపీ అభ్యర్థి ఎవరు, ఆయన వెనక ఏ గాలి ఉంది అన్నది బయటపడుతుంది. ఫలితాలు చూసేటప్పుడు ఆ సంవత్సరం రెండూ కలిసి వచ్చాయా, విడిగా వచ్చాయా అన్నది పక్కన రాసుకో.

చందూలాల్ పేరు దగ్గర ఆగుదాం. ఆయన ములుగు ప్రాంతపు లంబాడా నాయకుడు, సర్పంచ్‌గా మొదలై మంత్రి అయినవాడు. వరంగల్ అప్పుడు జనరల్ సీటు. జనరల్ సీటులో ఒక గిరిజన నాయకుడు రెండుసార్లు గెలిచాడు. 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున ధరావత్ రవీందర్ నాయక్ గెలిచారు, ఆయనా లంబాడానే. అంటే రిజర్వేషన్ లేకుండానే 1996, 1998, 2004, మూడుసార్లు. దేశంలో జనరల్ సీటులో ఇలా జరగడం అరుదు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధగా ఉంటుంది. మహబూబాబాద్, డోర్నకల్ వైపు తండాల ఓటుకు ఉన్న బలం అది. ఆ బలం వల్లే పార్టీలు అలాంటి అభ్యర్థులను నిలబెట్టాయి, మిగతా ఊళ్ల వాళ్లు కూడా వేశారు. కానీ ఆ తండాలు ఇప్పుడు వరంగల్ సీటులో లేవు.

2004 సంగతి. టి.ఆర్.ఎస్. పుట్టి మూడేళ్లు. కాంగ్రెస్‌తో పొత్తు. ఆ పార్టీకి ఐదు ఎంపీ సీట్లు వచ్చాయి. వాటిలో కరీంనగర్, హన్మకొండ, వరంగల్, ఆదిలాబాద్ నాలుగూ మన ఉత్తర తెలంగాణవే, ఐదోది మెదక్. హన్మకొండలో బి. వినోద్‌కుమార్ గెలిచారు. 2008లో తెలంగాణ కోసం రాజీనామాలు చేసి మళ్లీ జనం ముందుకు వచ్చారు. మే నెల ఎండల్లో ఉప ఎన్నిక. ఫలితం చూస్తే మన రెండు సీట్లూ రెండు దిక్కులకు పోయాయి. హన్మకొండ వినోద్‌కుమార్‌ను నిలబెట్టుకుంది. వరంగల్‌లో తెలుగుదేశం నుంచి ఎర్రబెల్లి దయాకర్‌రావు గెలిచారు. అప్పటికి ఆయన మూడుసార్లు వర్ధన్నపేట ఎమ్మెల్యే. "తెలంగాణ కావాలనే జనం టి.ఆర్.ఎస్.ను ఎలా ఓడించారు" అని నన్ను చాలామంది అడిగారు. నేను చూసినంతలో జనం తెలంగాణ వద్దని వేయలేదు. పదేపదే రాజీనామాలు, పదేపదే ఎన్నికలు అన్న విసుగు ఒకటి, ఊరూరా మనుషులున్న ఎమ్మెల్యే ఎంపీకి నిలబడటం ఇంకొకటి. హన్మకొండలో అదే విసుగు ఉన్నా ఎదుట అంత గట్టి స్థానిక అభ్యర్థి లేడు.

ఆ ఉప ఎన్నికే హన్మకొండ సీటుకు చివరి ఎన్నిక.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన జరిగిన పునర్విభజన 2009 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో జరిగింది ఇది. హన్మకొండ లోక్‌సభ స్థానం రద్దు. మహబూబాబాద్ మళ్లీ పుట్టి ఎస్టీ రిజర్వ్‌డ్ అయింది. డోర్నకల్, మహబూబాబాద్, నర్సంపేట, ములుగుతో పాటు ఖమ్మం వైపు నుంచి ఇల్లందు, పినపాక, భద్రాచలం అందులో చేరాయి. వరంగల్ ఎస్సీ రిజర్వ్‌డ్ అయింది. జనగామ భువనగిరిలోకి పోయింది. వరంగల్ కింద మిగిలినవి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు: స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, పరకాల, వర్ధన్నపేట, భూపాలపల్లి, వరంగల్ తూర్పు, వరంగల్ పశ్చిమ.

ఇందులో అసెంబ్లీ పేర్లు కూడా మారాయి, అది ఇంకో చిక్కు. శాయంపేట అనే అసెంబ్లీ సీటు పోయి, మీ మండలం భూపాలపల్లిలో చేరింది. పాత హన్మకొండ అసెంబ్లీ ఇప్పుడు వరంగల్ పశ్చిమ. వరంగల్ జిల్లాలోని చెన్నూరు పోయి పాలకుర్తి వచ్చింది. చేర్యాల జనగామలో కలిసింది. ఇది చాలదన్నట్టు 2016లో జిల్లాలు విడగొట్టారు, 2021లో హన్మకొండ పేరుతో జిల్లా వచ్చింది. కాబట్టి ఇప్పుడు హన్మకొండ జిల్లా ఉంది, హన్మకొండ ఎంపీ సీటు లేదు, హన్మకొండ ఎమ్మెల్యే సీటూ లేదు. తొర్రూరు మహబూబాబాద్ జిల్లాలో ఉంటుంది, ఓటు మాత్రం పాలకుర్తి సెగ్మెంట్ కింద వరంగల్ ఎంపీకి. నీలాంటి పిల్లలు అయోమయపడటంలో తప్పేమీ లేదు.

మీ తాత ఇల్లు కదల్లేదు. 1984లో హన్మకొండ ఓటరు, ఇప్పుడు వరంగల్ ఓటరు. అటు డోర్నకల్ తండాలో ఉన్న ఆయన వయసు మనిషి 1984లో వరంగల్ ఓటరు, ఇప్పుడు మహబూబాబాద్ ఓటరు. ఇద్దరి జ్ఞాపకాలూ నిజమే. నువ్వు చూసిన "వరంగల్ ఎంపీల పట్టిక"లో 1977 నుంచి 2008 దాకా ఉన్నది ఎక్కువగా ఆ తండా మనిషి చరిత్ర. ఆ కాలంలో మీ ఊరి చరిత్ర దానిలో లేదు, 2009 నుంచి ఉంది.

కొత్త వరంగల్ సంగతి త్వరగా చెబుతాను. 2009లో కాంగ్రెస్ నుంచి సిరిసిల్ల రాజయ్య లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. చిత్రమేమంటే 2008లో కత్తులు దూసుకున్న తెలుగుదేశం, టి.ఆర్.ఎస్. ఏడాది తిరగకుండానే మహాకూటమిలో ఒక్కటయ్యాయి. ఊళ్లో కార్యకర్తలకు అది మింగుడుపడలేదు. 2014లో రాష్ట్రం వచ్చిన ఊపులో టి.ఆర్.ఎస్. నుంచి కడియం శ్రీహరి 3,92,574 మెజారిటీ. ఏడాది లోపే ఆయన ఉప ముఖ్యమంత్రి అయి ఎంపీ పదవి వదులుకోవడంతో 2015 నవంబరులో ఉప ఎన్నిక. ఇక్కడ పేర్ల దగ్గర జాగ్రత్త: శ్రీహరి కంటే ముందు ఉండి ఉప ముఖ్యమంత్రి పదవి పోయిన టి. రాజయ్య అప్పటి స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే, మాజీ ఎంపీ సిరిసిల్ల రాజయ్య వేరు. అలాగే 2008లో గెలిచిన ఎర్రబెల్లి దయాకర్‌రావు వేరు, 2015లో గెలిచిన పసునూరి దయాకర్ వేరు. రెండు జతల్నీ కలిపేసి రాసినవి నేను చాలా చూశాను.

2015 నా చివరి డ్యూటీ. కౌంటింగ్ ఎనుమాముల మార్కెట్ యార్డులో. పసునూరి దయాకర్ మెజారిటీ 4,59,092. కాంగ్రెస్, బి.జె.పి. రెండింటికీ డిపాజిట్ రాలేదు. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ఆ ఊపు 2019లోనూ ఆగలేదు, మళ్లీ ఆయనే 3,50,298తో గెలిచారు. పక్కనే కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ బి.జె.పి. చేతికి పోయినా వరంగల్ కదల్లేదు. అప్పుడు అందరూ అన్నారు, వరంగల్ గులాబీ కంచుకోట అని.

అయిదేళ్లకు ఏమైందో నువ్వే చూశావు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఏడు సెగ్మెంట్లలో ఆరు కాంగ్రెస్‌కు పోయాయి. స్టేషన్ ఘన్‌పూర్‌లో కడియం శ్రీహరి ఒక్కరే బి.ఆర్.ఎస్. (పేరు మారిన టి.ఆర్.ఎస్.) నుంచి మిగిలారు. 2024లో బి.ఆర్.ఎస్. మొదట ప్రకటించిన అభ్యర్థి కడియం కావ్య. ఆమె తండ్రితో కలిసి కాంగ్రెస్‌లోకి వెళ్లి ఆ పార్టీ అభ్యర్థి అయ్యారు. రెండుసార్లు టి.ఆర్.ఎస్. నుంచి వర్ధన్నపేట ఎమ్మెల్యేగా ఉన్న ఆరూరి రమేశ్ బి.జె.పి. అభ్యర్థి. బి.ఆర్.ఎస్.కు మారపల్లి సుధీర్‌కుమార్. కావ్య 2,20,339 మెజారిటీతో గెలిచారు, రమేశ్ రెండో స్థానం, బి.ఆర్.ఎస్. మూడో స్థానం. నాలుగున్నర లక్షల మెజారిటీ ఇచ్చిన సీటు తొమ్మిదేళ్లకు అదే పార్టీని మూడో స్థానానికి పంపింది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకు లెక్క చెబుతాను. 1952 నుంచి 2024 దాకా వరంగల్‌లో 18 సాధారణ ఎన్నికలు, రెండు ఉప ఎన్నికలు, మొత్తం 20. కాంగ్రెస్ 9, తెలుగుదేశం 5, టి.ఆర్.ఎస్. 4, పి.డి.ఎఫ్. 1, తెలంగాణ ప్రజాసమితి 1. తొమ్మిది చూసి కాంగ్రెస్ కంచుకోట అని రాసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. 1967 తర్వాత ఏ పార్టీ కూడా ఇక్కడ వరుసగా మూడుకు మించి గెలవలేదు. 1996, 1998, 1999 తెలుగుదేశానివి. 2014, 2015, 2019 టి.ఆర్.ఎస్.వి. కాంగ్రెస్‌కు 1977, 1980 ఒక జత, 1989, 1991 ఇంకో జత. అక్కడితో సరి. వరంగల్ ఒక గాలి వస్తే మొత్తంగా అటు ఒరుగుతుంది, మెజారిటీలు భారీగా ఇస్తుంది, ఆ గాలి పోయాక ఆ పార్టీ జెండా పట్టుకుని కూర్చోదు. 1952లో పోరాటం, 1971లో ఉద్యమం, 1984లో రామారావు, 2014లో రాష్ట్రం. ఎవరికి వేశారన్నదానికంటే దేని కోసం వేశారన్నది అడిగితేనే ఈ సీటు అర్థమవుతుంది. అజంజాహి మిల్లు మూతపడటం గానీ, కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ దశాబ్దాలుగా హామీగానే మిగిలిపోవడం గానీ ఏ ఒక్క ఎన్నికనూ ఒంటరిగా తిప్పలేదు. కానీ ప్రతి ఎన్నికలోనూ ఆ రెండు మాటలూ మైకుల్లో వినబడ్డాయి. ఆ కోచ్ ఫ్యాక్టరీ కోసం నా తోటి పంతుళ్లు, కాజీపేట రైల్వే కాలనీ వాళ్లు ఎన్ని ఏళ్లు ఎదురుచూశారో నాకు తెలుసు. 2023 జూలైలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేసినరోజు, బతికి ఉన్న ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి మరీ చెప్పారు.

నువ్వు నిజంగా మీ ఊరి చరిత్ర రాయాలనుకుంటే ఇలా చెయ్యి. ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ గణాంక నివేదిక ఇస్తుంది, అందులో నియోజకవర్గం మొత్తం లెక్క ఉంటుంది. 2008 పునర్విభజన ఉత్తర్వులో ఏ సెగ్మెంట్‌లో ఏ మండలం ఉందో రాసి ఉంటుంది. ఇక బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లో చెప్పేది ఫారం 20. ఇటీవలి ఎన్నికలవి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మీ బూత్ నంబర్ ఒక ఎన్నిక నుంచి ఇంకో ఎన్నికకు మారవచ్చు కాబట్టి నంబర్ పట్టుకోకు, బడి పేరు పట్టుకో. 1977 నుంచి 2008 దాకావి వెతికేటప్పుడు "హన్మకొండ" కింద వెతుకు, "వరంగల్" కింద కాదు. పాత కాగితాల్లో హనుమకొండ, హన్మకొండ, హనమకొండ అని రకరకాలుగా రాస్తారు, అన్నీ చూడు.

తాత దగ్గర కూర్చున్నప్పుడు ఈ నాలుగు అడుగు. 1977లో, 1980లో పి.వి.కి వేశాడా? 1984లో ఎవరి మాట విని మారాడు? ఆ రోజు కాగితం మీద సైకిల్ లేకపోవడం ఆయనకు గుర్తుందా? ఏ బడిలో ఓటేశాడు? ఆ బడి పేరు ఇక్కడ రాయి. నా పాత డ్యూటీ ఆర్డర్లు ఒక కవరులో దాచుకున్నాను, శాయంపేట వైపువి రెండు ఉన్నాయి. కలుస్తాయేమో తీసి చూస్తాను.